జెర్వీనోస్: ఇసుక నేల కాపాడిన ఊరిలో ఒక బస

లిథువేనియా దక్షిణ కొసన, బెలారుస్ సరిహద్దుకు చేరువగా, పైన్ అడవుల నడుమ ఊలా నదికి ఇరువైపులా పరుచుకున్న జెర్వీనోస్ అనే చిన్న ఊరిలో పర్యాటకులకు అద్దెకిచ్చే ఒక పాత దుంగల ఇంటిని గురించిన సమీక్ష ఇది. ఆ ఇంటి పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ చుట్టుపక్కల అటువంటి బసలు కొన్ని ఉన్నాయి, వాటి మంచిచెడ్డలు ఇంచుమించు ఒకే తీరున ఉంటాయి. పైగా ఇక్కడికి వచ్చే అతిథి చెల్లించే సొమ్ములో గదికి చెందే భాగం తక్కువ, ఊరికి చెందే భాగం ఎక్కువ. అందుచేత గదిని ఎంత శ్రద్ధగా తూచాలో ఊరినీ అంతే శ్రద్ధగా తూచవలసి ఉంటుంది. ఆ ఊరి చరిత్రలో ఎంత భాగాన్ని ఈ బస అతిథికి అందిస్తున్నది, ఎంత భాగాన్ని చెప్పకుండా వదిలేస్తున్నది అన్నది కూడా సేవ నాణ్యతలో లెక్కకు రావలసిన విషయమేనని నా అభిప్రాయం.

రాజధాని విల్నియస్ నుంచి ఇక్కడికి చేరడానికి కారు అవసరం లేదు. మర్త్సింకోనిస్ వరకు వెళ్ళే ప్యాసింజర్ రైలు వరేనా పట్టణం దాటిన తరువాత, అడవి మధ్యలో ఒక చిన్న ప్లాట్‌ఫారం దగ్గర ఆగుతుంది. ప్రయాణం రెండు గంటలకు కొంచెం అటూ ఇటూగా పడుతుంది. ఈ మార్గం సెయింట్ పీటర్స్‌బర్గ్‌ను వార్సాతో కలపడానికి రష్యా చక్రవర్తి అయిన జారు ప్రభుత్వం వేయించిన ప్రధాన రైలుమార్గంలో ఒక భాగం. 1862లో ఆ మార్గం పూర్తయినప్పుడు రెండు మహానగరాల నడుమ తిరిగే రైళ్ళు ఈ అడవి గుండానే సాగేవి. నేడు మాత్రం లిథువేనియా రైళ్ళకు మర్త్సింకోనిస్ ఆఖరి స్టేషన్, అక్కడి నుంచి బెలారుస్‌లోని గ్రోద్నో నగరం వైపు ప్రయాణికులు పోయే వీలు లేదు. దేశంలోని చాలా కుగ్రామాలకు బస్సు కూడా సరిగా అందని పరిస్థితిలో ఇంత చిన్న ఊరికి రైలు ఆగడం జారు కాలపు అవసరం వల్ల దొరికిన అదృష్టం. అయితే రోజుకు తిరిగే రైళ్ళు చాలా తక్కువ. బసవారు బుకింగ్ సమయంలో ఈ సంగతిని స్పష్టంగా చెప్పకపోవడం ఒక లోపం. తిరుగు రైలు వేళ చూసుకోకుండా వచ్చినవారికి వరేనా నుంచి టాక్సీ పిలిపించుకోవడం తప్ప దారి ఉండదు.

ఇక ఇంటి సంగతి. జూకియా అని పిలిచే ఈ ప్రాంతపు పాత ఇళ్ళు మూడు భాగాలుగా ఉంటాయి: నడుమ చల్లని నడవ, ఒక వైపు కుటుంబం నివసించే గది, రెండో వైపు ఒకప్పుడు సామాన్ల కోసమూ తరువాతి కాలంలో అతిథుల కోసమూ వాడుకున్న గది. మేము దిగిన ఇల్లు ఈ పద్ధతికి నిజాయితీగా కట్టుబడి ఉంది. పైన్ దుంగలను మూలల దగ్గర ఒకదానిలో ఒకటి ఇమిడేలా చెక్కి పేర్చి, సందులలో నాచు కుక్కిన గోడలు వేసవిలో చల్లగా, శరత్కాలంలో వెచ్చగా ఉన్నాయి. గదిలో నాలుగో వంతు స్థలాన్ని ఆక్రమించే పెద్ద పొయ్యిని అలంకారంగా నిలిపి ఉంచకుండా ఇప్పటికీ వాడుతున్నారు. వంట దాని మీదే, వెచ్చదనం దాని నుంచే. కిటికీ చట్రాల మీద చెక్కిన నగిషీలు పాతవే. వెల తక్కువ కాదు గాని, విల్నియస్ పాత నగరంలో ఒక ఓ మోస్తరు హోటల్ గది కంటే ఎక్కువ కాదు. యూరోలలో నగదుగా చెల్లించమన్నారు.

సౌకర్యాల విషయంలో మొహమాటం అక్కరలేదు. స్నానాల గది, మరుగుదొడ్డి ఇంటికి దూరంగా వేరే కట్టడంలో ఉన్నాయి, రాత్రివేళ టార్చి లేకుండా వెళ్ళడం కష్టం. పరుపులు మెత్తబడి నడుమ గుంటలు పడ్డాయి. పొయ్యి రాజేసిన మొదటి అరగంట గదిలో పొగ నిలుస్తుంది, కిటికీ తెరిస్తే దోమలు వస్తాయి; ఈ రెంటిలో ఏదో ఒకదానిని అతిథి ఎంచుకోవాలి. మొబైల్ సిగ్నల్ పెరటి ఒక మూలన మాత్రమే నిలకడగా దొరికింది. ప్రకటనలో రాసిన సైకిళ్ళలో పనికివచ్చేవి సగమే. వీటన్నిటికీ ఎదురుగా నిలిచే సుగుణం ఆవిరి స్నానపు గది: నది ఒడ్డున నల్లబడిన దుంగలతో కట్టిన చిన్న కట్టడం, కట్టెలతో వేడెక్కించిన రాళ్ళు, ఒంటిని తట్టుకోవడానికి ఎండబెట్టిన భూర్జ కొమ్మల కట్టలు, బయటికి వస్తే పది అడుగుల దూరంలో ఊలా నీళ్ళు. దానికి అదనంగా తీసుకున్న సొమ్ము పూర్తిగా న్యాయమైనది. గదికి ఐదింట మూడు మార్కులు, ఆవిరి స్నానానికి ఐదింట ఐదు.

జెర్వీనోస్ ఎందుకు ఇలా మిగిలిందో అర్థం కావాలంటే కాలి కింద చూడాలి. నేలంతా ఇసుక. మంచుయుగం చివర హిమానీనదాలు కరిగి పారినప్పుడు పేరుకున్న ఇసుకను గాలి మేటలుగా పోసింది. దగ్గరలోని మర్త్సింకోనిస్ పక్కన సముద్రానికి ఇంత దూరాన కూడా ఇసుక దిబ్బలు కనిపించడానికి కారణం అదే. ఈ నేలలో గోధుమ పండదు. రై, బక్‌వీట్ అనే ధాన్యాలు, బంగాళాదుంపలు మాత్రం ఏదో రకంగా పండుతాయి. లిథువేనియా మహాసంస్థానంలో 1557 నుంచి అమలుచేసిన భూసంస్కరణ దేశంలోని చాలా ఊళ్ళను తిన్నని వీధికి ఇరువైపులా వరుస కట్టిన ఇళ్ళుగా మార్చివేసింది. కొలిచి పంచడానికి తగిన సాగుభూమి ఈ అడవి ప్రాంతంలో తక్కువ కనుక ఇక్కడి ఊళ్ళు తమకు తోచినట్టు, నదీ అడవీ ఇచ్చిన చోట పెరిగాయి. 1742 నాటి ప్రస్తావనతో మొదలయ్యే జెర్వీనోస్ కూడా అలాంటిదే. ఇళ్ళు ఒక లెక్క లేకుండా, ఒకటి దారికి ముఖం పెట్టి, మరొకటి వీపు చూపించి, మధ్యలో ధాన్యపు కొట్టులూ పశువుల పాకలూ కలిసిపోయి ఉంటాయి. చక్కగా గీసిన ఊరిని ఆశించి వచ్చేవారికి మొదటి చూపులో ఇది చిందరవందరగా తోస్తుంది. కొంతసేపు నడిస్తే ప్రతి ఇల్లూ ఎండకు, నీటికి, గాలికి తగ్గట్టు ఎంత ఆలోచనతో నిలబడిందో తెలుస్తుంది.

సాగు తిండి పెట్టనప్పుడు అడవి పెట్టింది. ఈ అడవులు చాలా కాలం మహాసంస్థానాధీశుల వేట అడవులు. వాటి అంచున నివసించినవారు అడవి కాపలా, వేటకు సాయం, తేనె సేకరణ వంటి పనులతో బతికారు. బతికి ఉన్న పైన్ చెట్టు కాండంలో, నేలకు చాలా ఎత్తున, తొర్ర తొలిచి తేనెటీగలను నివాసం ఉండనిచ్చే పద్ధతి ఇక్కడ శతాబ్దాల పాటు సాగింది. ఆ చెట్లకు ఎంత విలువ ఉండేదంటే 1529లో వెలువడిన మహాసంస్థానపు మొదటి శాసన సంపుటిలోనే తేనెచెట్లను పాడుచేసినవారికి, పరుల తేనెను దొంగిలించినవారికి శిక్షలు రాసిపెట్టారు. చెట్టు ఒకరి భూమిలో ఉండి, అందులోని ఈగలు మరొకరి సొత్తు కావడమూ ఉండేది. ఈగల యజమానికి ఆ చెట్టు దాకా పోయే హక్కును చట్టం కాపాడింది. జెర్వీనోస్‌లో అటువంటి తొర్రలున్న ముసలి పైన్ చెట్లు నేటికీ నిలిచి ఉన్నాయి. బస యజమానురాలు వాటిని చూపించిన తీరు ఈ సేవలో నాకు అన్నిటికంటే నచ్చిన అంశం: తెచ్చిపెట్టుకున్న నాటకీయత లేదు, జానపద వేషధారణ లేదు. తొర్రకు అడ్డంగా పెట్టిన పలక, ఎలుగుబంటి ఎక్కకుండా చేసిన ఏర్పాట్లు, తాడు వేసుకుని చెట్టెక్కే పద్ధతి ఒక్కొక్కటిగా వివరించి, మిగతావి చూడాలంటే ముస్తెయికా ఊరికి వెళ్ళమని చెప్పింది. ఆ ఊరిలో తొర్ర తేనెటీగల పెంపకాన్ని తిరిగి బతికించి, పాత సాధనాలను ప్రదర్శనగా ఉంచారు. సైకిలు బాగుంటే ఒక పూట అక్కడ గడపడం మేలు.

భోజనం విషయంలో ఈ బస మీద ఫిర్యాదు లేదు, పొగడ్త మాత్రం చాలా ఉంది. పుట్టగొడుగులూ బెర్రీలూ లేకపోతే జూకియా ఆడపిల్లలకు ఒంటి మీద బట్ట కూడా ఉండేది కాదని లిథువేనియాలో ఒక సామెత ఉంది. మిగతా ప్రాంతాలవారు ఎగతాళిగా అన్నదే అయినా ఇక్కడివారు దానిని గర్వంగానే చెప్పుకుంటారు. వేసవి నడుమ బ్లూబెర్రీలు, ఆ తరువాత పసుపుపచ్చని గరాటు ఆకారపు పుట్టగొడుగులు, శరత్కాలానికి లింగన్‌బెర్రీలు, బొలీటస్ పుట్టగొడుగులు, ఆఖరున చిత్తడి నేలల క్రాన్‌బెర్రీలు. ఈ వరుసే ఇక్కడి పంచాంగం. ఊరివారు ఏరుకొచ్చినవాటిని దారి పక్కన నిలబడి అమ్ముతారు, లేదా కొనుగోలు కేంద్రాలకు తూకానికి ఇస్తారు. మంచి సీజనులో ఇది చేతి ఖర్చుకు మించిన రాబడి. ప్రతి సెప్టెంబరులో వరేనా పట్టణం పుట్టగొడుగుల పండుగ జరుపుతుంది; ఆ వారాంతంలో ఈ చుట్టుపక్కల గది దొరకడం కష్టం.

మాకు పెట్టిన భోజనంలో ఎండు బొలీటస్‌తో కాచిన చారు, రై రొట్టె, ఉడికించిన బంగాళాదుంపలు, ఉల్లితో వేయించిన పసుపు పుట్టగొడుగులు, పుల్లని మీగడ ఉన్నాయి. ముఖ్యమైనది మాత్రం బక్‌వీట్ పిండితో చేసే బరువైన రొట్టె. తురిమిన బంగాళాదుంప లేదా కాటేజ్ చీజ్ కలిపి చేసే రకాలు కూడా ఉన్నాయి గాని, ఈ ఇంట్లో పిండి, గుడ్లు, మీగడ తప్ప మరేమీ వేయలేదు. పొయ్యి లోపల, క్యాబేజీ ఆకు మీద పరిచి కాల్చడం వల్ల అడుగున ఆకు ఈనెల అచ్చు పడి, అంచు కొద్దిగా చేదెక్కి, లోపల తేమగా ఉంటుంది. పైన తొర్ర తేనె కాకపోయినా ఊరి తేనె పోసుకుని తింటే మరొక ముక్క అడగకుండా ఉండలేము. మాంసం తిననివారు ముందుగా చెప్పడం మంచిది. పంది కొవ్వు ముక్కలు వేయించి బంగాళాదుంపల మీద చల్లడం ఇక్కడ అలవాటు, దానిని మాంసంగా ఎవరూ లెక్కపెట్టరు. చెప్పిన తరువాత మాత్రం ఎటువంటి విసుగూ లేకుండా విడిగా వండిపెట్టారు. ఒక్క చోట మాత్రం నేను వడ్డించుకోలేదు. శరత్కాలంలో ఇసుక నేలను చీల్చుకు వచ్చే పసుపుపచ్చని ఒక పుట్టగొడుగంటే జూకియావారికి ప్రాణం. అదే రకాన్ని పెద్ద మోతాదులో వరుసగా తిన్నవారికి కండరాలు దెబ్బతిన్న ఉదంతాలను ఫ్రాన్సు వైద్యులు 2001లో ప్రచురించారు. ఊరివారు తరతరాలుగా తింటున్నామని నవ్వుతారు. అతిథికి ఈ విషయం చెప్పి వడ్డించడం బసవారి బాధ్యత అని నేను భావిస్తాను.

నది గురించి తక్కువ చెప్పినా తప్పే. ఊలా మెర్కిస్ నదికి ఉపనది. ఊటల నీటితో నిండడం వల్ల ఎండాకాలంలోనూ చల్లగా, అడుగు ఇసుక కనిపించేంత తేటగా పారుతుంది. చిన్న పడవలలో ఈ నది మీద సాగడం లిథువేనియన్లకు పాత సరదా. జెర్వీనోస్ జూకియా జాతీయ పార్కు పరిధిలో ఉన్నందువల్ల పడవ ప్రయాణాలకు పార్కు పెట్టిన నియమాలున్నాయి, వాటిని మర్త్సింకోనిస్‌లోని సందర్శకుల కేంద్రంలో ముందుగా అడిగి తెలుసుకోవాలి. బసవారు పడవలు ఏర్పాటు చేస్తామన్నారు గాని మేము నడకనే ఎంచుకున్నాము. నది వెంట మాన్చియగిరె ఊరి దగ్గర ఊలా కన్ను అని పిలిచే ఊట ఉంది. చిన్న గుండ్రని మడుగు అడుగున బూడిదరంగు ఇసుకను భూగర్భ జలం నిరంతరం పైకి నెడుతూ ఉంటే, చల్లని నీళ్ళు కుతకుత ఉడుకుతున్నట్టు కనిపిస్తాయి. మడుగులో దిగడం, కర్రలతో కెలకడం చేయరాదు; ఇంత చిన్న చోట ఒక్క బస్సు జనం వచ్చినా నేల చెదిరిపోతుంది కనుక పొద్దున్నే వెళ్ళడం మంచిది.

ఊరి దారి పక్కన నిలిచిన ఎత్తైన చెక్క శిలువలను చూడకుండా ఎవరూ పోలేరు. వాటి నడుముకు చిన్న ఏప్రన్లు కట్టి ఉంటాయి. రోగం తగ్గాలని, బిడ్డ పుట్టాలని, దూరాన ఉన్నవారు క్షేమంగా తిరిగి రావాలని మొక్కుకున్న స్త్రీలు తమ చేత్తో కుట్టిన వస్త్రాన్ని ఇలా సమర్పించడం జూకియాలో ఆచారం. 1387లో రాజ్యం అధికారికంగా క్రైస్తవం స్వీకరించే వరకు ఇక్కడివారు చెట్లనూ నీళ్ళనూ కొలిచినవారు. శిలువకు మొక్కుబడి కట్టే పద్ధతిలో ఆ పాత అలవాటు కొంత మిగిలి ఉందని చాలామంది అంటారు, ఆ మాట నాకు నమ్మదగినదిగానే తోచింది. లిథువేనియా శిలువల నిర్మాణ కళను యునెస్కో 2001లో మానవాళి మౌఖిక వారసత్వపు మేటి రూపాలలో ఒకటిగా ప్రకటించింది. లెక్కలేనన్ని శిలువలు నిలిపిన గుట్టను చూడడానికి షియౌలియై నగరం దాకా వెళ్ళే పర్యాటకులు ఎందరో ఉన్నారు. ఇక్కడ ఉన్నవి పది మంది చూడడానికి నిలబెట్టినవి కావు కనుక వాటి దగ్గర ఫోటోలకు ముందు కాస్త ఆలోచించాలి.

ఇంతవరకు చెప్పినవన్నీ బసవారు అతిథికి సంతోషంగా చూపించేవి, చెప్పేవి. ఇరవయ్యో శతాబ్దం దగ్గరికి వచ్చేసరికి మాత్రం మాట ఆగిపోతుంది. గదిలో పెట్టిన కరపత్రంలో తేనెటీగలు, పుట్టగొడుగులు, పాటలు ఉన్నాయి; 1742 తరువాత నేరుగా 1991కి, అంటే జాతీయ పార్కు ఏర్పడిన ఏడాదికి దూకేసింది. అడిగితే యజమానురాలు ముక్తసరిగా జవాబిచ్చింది. ఆమె మౌనాన్ని నేను తప్పుపట్టను, అది ఆమె కుటుంబ విషయం. కరపత్రం సంగతి వేరు.

అందులో ఉండవలసినవి కొన్ని చెబుతాను. రైలుమార్గం పూర్తయిన మరుసటి ఏడాదే, 1863లో, జారు పాలన మీద తిరుగుబాటు జరిగింది. ఆ తిరుగుబాటు దళ నాయకులలో పేరుపొందిన లియుద్వికాస్ నార్బుతాస్ ఊలా ఎగువనున్న దుబిచియై దగ్గర ఆ ఏడాది మే నెలలో ప్రాణాలు కోల్పోయాడు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి లిథువేనియా, పోలండ్ రెండూ స్వతంత్ర దేశాలయ్యాక విల్నియస్ ప్రాంతం కోసం అవి తలపడ్డాయి. 1920 నుంచి 1939 వరకు జెర్వీనోస్, మర్త్సింకోనిస్ పోలండ్ అధీనంలో ఉండిపోయాయి; విభజన రేఖ వరేనా మీదుగా పోయింది. అటువైపు చుట్టాలు, ఇటువైపు పొలాలు, మధ్యలో తుపాకులు పట్టిన కాపలా. ఇదే అలజడిలో మెర్కిస్ ఒడ్డునున్న పెర్లొయా అనే ఊరు ఎవరి పాలననూ ఒప్పుకోక, 1918 నుంచి 1923 దాకా తన సొంత దళంతో, తన సొంత న్యాయస్థానంతో ఒక చిన్న గణతంత్రంగా నడిచింది. అక్కడి కూడలిలో 1930 ప్రాంతంలో నిలిపిన మధ్యయుగపు మహాసంస్థానాధీశుడు విటౌటాస్ విగ్రహం సోవియట్ కాలాన్ని కూడా దాటి నిలిచింది. కారు ఉన్నవారు దారిలో ఆగి చూడవచ్చు.

రెండో ప్రపంచ యుద్ధం ఈ అడవుల మీద పెట్టిన గుర్తులు చాలా లోతైనవి. మర్త్సింకోనిస్‌లో నాజీలు గెట్టోలో, అంటే వేరుచేసిన పేటలో, బంధించిన యూదులను 1942 నవంబరు 2న రైలెక్కించడానికి స్టేషన్ దగ్గరికి తరలించినప్పుడు వారు లొంగక చెల్లాచెదురుగా పరుగెత్తారు. ఎందరో కాల్పులలో అక్కడికక్కడే మరణించారు, కొందరు అడవిలోకి చేరి బతికారు. వారాంతపు అతిథులు బుట్టలతో దిగే స్టేషన్ అదే. 1944 జూన్ 3న జర్మన్ దళాలు పిర్చూపియై ఊరిని తగులబెట్టి 119 మందిని చంపాయి, వారిలో చాలామందిని సజీవంగా దహనం చేశాయి. విల్నియస్ నుంచి వరేనా వైపు రోడ్డు మీద వచ్చేవారికి శిల్పి గెదిమినాస్ యొకుబోనిస్ 1960లో మలచిన తల్లి విగ్రహం అక్కడ కనిపిస్తుంది. యుద్ధం ముగిశాక కూడా ఇక్కడ యుద్ధం ముగియలేదు. 1944 నుంచి 1953 వరకు సోవియట్ పాలనకు ఎదురుతిరిగిన గెరిల్లాలకు జూకియా అడవులు ఆశ్రయమిచ్చాయి. ఈ ప్రాంతపు దళాలకు నాయకత్వం వహించిన అదోల్ఫాస్ రామనౌస్కాస్ 1956లో పట్టుబడి, మరుసటి ఏడాది విల్నియస్‌లో మరణశిక్షకు గురయ్యాడు. అవశేషాలు 2018లో దొరికాక ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. గెరిల్లాలకు రొట్టె ఇచ్చిన కుటుంబాన్ని సైబీరియాకు పంపేవారు, ఇవ్వని కుటుంబానికి రాత్రిపూట మరొక భయం ఉండేది. ఇటువంటి ఊళ్ళలో పెద్దవాళ్ళు ఆ రోజుల గురించి అతిథుల ముందు నోరు విప్పకపోవడానికి కారణం వెతకనక్కరలేదు.

తరువాత వచ్చిన సమష్టి వ్యవసాయం, ఆ వెంటనే భూమి నుంచి నీటిని తీసివేసే భారీ పథకాలు దేశమంతటా పల్లె రూపాన్ని మార్చాయి. 1960ల నుంచి పొలాల మధ్య ఒంటరిగా ఉన్న ఇళ్ళను వేల సంఖ్యలో కూల్చి, జనాన్ని ఇటుకల ఇళ్ళ కాలనీలకు తరలించారు. జెర్వీనోస్ ఈ చక్రాల కింద పడకుండా తప్పించుకోవడానికి కారణం మళ్ళీ ఇసుకే. ట్రాక్టర్లు తిరగదగిన విశాలమైన పొలాలు లేని చోట ఊరిని కూల్చి లాభపడేదేమీ లేదు. పేదరికం వల్ల కొత్త ఇళ్ళు కట్టుకోలేక పాతవాటినే మరమ్మతు చేసుకుంటూ వచ్చారు. చివరికి సోవియట్ అధికారులే ఆ ఇళ్ళను వాస్తు స్మారకంగా గుర్తించారు. రక్షణ అన్న పేరుతో వచ్చినదానిలో యజమానులకు కష్టం కూడా ఉంది. కిటికీ మార్చాలన్నా, వసారా కట్టాలన్నా అనుమతి కావాలి, చేయి తిరిగిన వడ్రంగి కావాలి, ఆ రెంటికీ డబ్బు కావాలి. రెల్లు, చెక్కపలకల కప్పుల స్థానంలో సోవియట్ కాలంలో వేసిన ఆస్బెస్టాస్ రేకులు చాలా ఇళ్ళ మీద ఇంకా ఉన్నాయి. ఫోటోలో అవి పడకూడదని అతిథులు మెలికలు తిరగడం చూశాను. నాకు మాత్రం ఆ రేకులు కూడా ఊరి చరిత్రలో ఒక పొరగానే కనిపించాయి, అయితే అవి ఆరోగ్యానికి మంచివి కావు కనుక తీసివేయడమే సరి.

నేడు ఈ ఊరిలో ఏడాది పొడుగునా ఉండేవారు కొద్దిమందే, వారిలోనూ ఎక్కువమంది వయసు మళ్ళినవారు. 1990లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్ననాడు దాదాపు 37 లక్షలున్న లిథువేనియా జనాభా ఇప్పుడు 29 లక్షలకు లోపే. 2004లో ఐరోపా సమాఖ్యలో చేరాక యువత పశ్చిమ దేశాలకు తరలిపోవడం పల్లెలలో మరింత స్పష్టంగా కనబడుతుంది. ఖాళీ అయిన ఇళ్ళలో కొన్నింటిని విల్నియస్‌వారు వేసవి విడిదిగా కొనుక్కున్నారు. కిటికీలు చక్కగా రంగు వేసి, గడ్డి సమంగా కత్తిరించి ఉన్న ఇల్లు సాధారణంగా వారిదే అయి ఉంటుంది. కట్టెలు గోడ పొడుగునా పేర్చి, బంగాళాదుంపల మడి పక్కనే ఉన్న ఇల్లు ఊరివారిది. మేము దిగిన బస రెండో రకానికి చెందినది కావడం దాని ప్రధాన బలం. అతిథి వెళ్ళిపోయిన తరువాత కూడా ఆ పొయ్యి వెలుగుతుంది, ఆ మడిలో దుంపలు తవ్వుతారు.

వెళ్ళదలచినవారికి కొన్ని అవసరమైన విషయాలు. ఊరిలో దుకాణం లేదు, కావలసినవి వరేనాలోనే కొనుక్కుని రావాలి. అడవిలో ఒంటికి పట్టుకుని రక్తం పీల్చే పిడుదుల (టిక్స్) వల్ల మెదడువాపు జ్వరం సోకే ప్రమాదం లిథువేనియా అంతటా ఉంది. దానికి టీకా ఉంది, అడవిలో ఎక్కువ తిరిగేవారు ముందుగానే వేయించుకోవడం మేలు, ఏమైనా ప్రతి సాయంత్రం ఒళ్ళు చూసుకోవాలి. బెర్రీలు, పుట్టగొడుగులు ఎవరైనా ఏరుకోవచ్చు, అయితే 1975లో ప్రత్యేక రక్షణ కల్పించిన చెప్కెలియై చిత్తడి అడవిలోకి అనుమతి లేనిదే అడుగు పెట్టరాదు. తెలియని పుట్టగొడుగును బుట్టలో వేసే ముందు ఇంటివారికి చూపించండి, వారు విసుక్కోరు. చిన్నపిల్లలతో వచ్చేవారికి నది ఒడ్డు ఇసుక హాయిగా ఉంటుంది, కానీ నీటి చల్లదనాన్ని తక్కువగా అంచనా వేయవద్దు. మోకాళ్ళ నొప్పులున్నవారికి బయటి మరుగుదొడ్డి ఒక్కటే ఈ బసను వద్దనుకోవడానికి తగిన కారణం. జూన్‌లో రాత్రి పది దాటినా వెలుగుంటుంది, దోమలూ అంతే పొద్దుపోయేదాకా ఉంటాయి. సెప్టెంబరు మొదటి సగం నా దృష్టిలో అన్నిటికంటే మంచి కాలం. చలికాలంలో పగలు ఏడెనిమిది గంటలకు మించదు, ఆవిరి స్నానం కోసమే వచ్చేవారికి అదీ బాగానే ఉంటుంది.

బసవారికి నా సూచనలు మూడు: పరుపులు మార్చండి, రైలు వేళలను బుకింగ్ సమయంలోనే రాసి పంపండి, కరపత్రంలో 1742కూ 1991కీ మధ్య రెండు పేజీలు చేర్చండి. మూడోది రాయడానికి మర్త్సింకోనిస్‌లోని మ్యూజియంవారు తోడ్పడవచ్చు. ఇవి జరిగినా జరగకపోయినా బక్‌వీట్ రొట్టె కోసం ఒక రోజు ముందుగా చెప్పి ఉంచండి, ఎందుకంటే ఆ పొయ్యి వేడెక్కడానికే సగం పూట పడుతుంది.